కొత్త వైడ్ రిసీవర్ మీ జట్టు ఆఫెన్స్‌లో ఇముడుతాడా? అంచనా వేయడం ఎలా

మార్చిలో కాంట్రాక్టు ముగిసినవారిని తీసుకునే ఫ్రీ ఏజెన్సీ మొదలైనప్పుడో, ఏప్రిల్ చివర కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ జరిగినప్పుడో, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మీరు అభిమానించే జట్టు ఒక కొత్త వైడ్ రిసీవర్‌ను, అంటే పరుగెత్తి పాస్‌లు అందుకునే ఆటగాడిని, తెచ్చుకుంటుంది. వార్త రాగానే అభిమానులంతా అతని హైలైట్లు వెతుకుతారు, ఆ తర్వాత గత సీజన్ యార్డులు చూస్తారు. అతను మంచి ఆటగాడా కాదా అన్న ప్రశ్నకు ఈ రెండూ కొంత జవాబిస్తాయి. మీ జట్టు ఆఫెన్స్‌లో (బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే బృందంలో), పాస్‌లు వేసే మీ క్వార్టర్‌బ్యాక్‌తో, మీ కోచ్ రాసే ఆటలో అతను పనికొస్తాడా అన్న ప్రశ్నకు మాత్రం ఇవి చాలవు. ఆ రెండో ప్రశ్నకు ఇంట్లో కూర్చుని, ఒక కాగితం, ఫోన్‌లోని స్టాప్‌వాచ్, కొన్ని పాత ఆటల వీడియోలతో చాలావరకు నమ్మదగిన జవాబు రాబట్టవచ్చు.

ఈ రెండు ప్రశ్నలకూ ఎంత తేడా ఉందో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ చరిత్రలో స్పష్టంగా కనిపిస్తుంది. 2006లో ఓక్లాండ్‌లో 42 క్యాచ్‌లకు, 553 యార్డులకు పరిమితమైన రాండీ మాస్ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. అతన్ని పేట్రియట్స్ డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్ పిక్ (ఎంపిక హక్కు) ఒక్కటి ఇచ్చి తెచ్చుకున్నారు. 2007లో అతను 98 క్యాచ్‌లు, 1,493 యార్డులు, 23 టచ్‌డౌన్‌లు సాధించాడు. ఒక సీజన్‌లో టచ్‌డౌన్ క్యాచ్‌ల రికార్డు అదే. నాలుగేళ్ల తర్వాత, 2011లో, అదే కోచ్ బిల్ బెలిచెక్, అదే క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ ఉన్న జట్టుకు సిన్సినాటిలో ఏడు సీజన్లు వెయ్యి యార్డులు దాటిన చాడ్ ఓచోసింకో వచ్చాడు. ఆ సీజన్ మొత్తం అతనికి దక్కినవి 15 క్యాచ్‌లు, 276 యార్డులు, ఒకే ఒక్క టచ్‌డౌన్. పాత జట్టులోని ఆటను బట్టి అంచనా వేసినవారు రెండుసార్లూ పొరబడి ఉంటారు. ఈ ఇద్దరినీ వెంటబెట్టుకునే ముందుకు వెళ్దాం.

ముందు ఖాళీ ఎక్కడుందో చూడండి

పరిశీలన ఆటగాడితో మొదలుపెట్టకండి, జట్టుతో మొదలుపెట్టండి. గత సీజన్‌లో మీ జట్టులో ఎవరికి ఎన్ని టార్గెట్లు, అంటే వారివైపు విసిరిన పాస్‌లు, వచ్చాయో కాగితం మీద రాసుకోండి. వెళ్లిపోయినవారి పేర్లు కొట్టేయండి. మిగిలిన ఖాళీయే కొత్తవాడి వాటాకు మొదటి హద్దు. పదిహేడు ఆటల్లో ఒక జట్టు దాదాపు 500 నుంచి 600 పాస్‌లు వేస్తుంది. అందులో నాలుగో వంతు దక్కించుకున్న రిసీవర్ జట్టులో మొదటివాడు అనిపించుకుంటాడు. అంటే 140 దాకా టార్గెట్లు. మీ జట్టులో అంత ఖాళీ లేకపోతే, కొత్తవాడు ఎవరి పళ్లెంలోంచి తీసుకుంటాడో మీరు పేరు పెట్టి చెప్పగలగాలి.

ఎన్ని అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యం. ఆట మొదలయ్యే లైన్ మీదే, ఒక అంచున, తరచు ఒంటరిగా నిలబడేవాడిని ఎక్స్ అంటారు. ఎదురుగా రిసీవర్‌ను కాపు కాసే డిఫెండర్, అంటే కార్నర్‌బ్యాక్, చేతులు వేసి అడ్డుకుంటున్నా తప్పించుకుని ముందుకు వెళ్లడమే అతని బతుకుతెరువు, ఎందుకంటే లైన్ నుంచి మొదటి ఐదు యార్డుల లోపల డిఫెండర్ అతన్ని తాకడం నిబంధనలకు లోబడినదే. లైన్‌కు ఒక అడుగు వెనక, సాధారణంగా టైట్ ఎండ్ (అడ్డుకోవడం, పాస్‌లు పట్టడం రెండూ చేసేవాడు) ఉన్న వైపు నిలబడేవాడు జెడ్; స్నాప్‌కు, అంటే బంతి ఆటలోకి వచ్చే క్షణానికి, ముందు అతన్ని అటూ ఇటూ కదపడం సులువు, అతన్ని లైన్ దగ్గరే పట్టుకోవడం కష్టం. లోపలివైపు నిలబడేవాడు స్లాట్. అతనికి రెండు వైపులా తిరిగే చోటుంటుంది, కానీ మధ్యలో కాపు కాసే లైన్‌బ్యాకర్ల, వారి వెనక ఉండే సేఫ్టీల దెబ్బలు కాచుకోవాలి. క్రికెట్‌లో ఓపెనర్‌ను ఆరో స్థానంలో దింపితే అతని బ్యాటింగ్ మారకపోయినా విలువ మారిపోయినట్టే ఇక్కడా జరుగుతుంది.

ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ ప్రాంతాల్లో స్థిరపడి డాలస్ కౌబాయ్స్‌ను అనుసరించే తెలుగువారిలో కొందరికైనా 2018 సీజన్ గుర్తుండి ఉంటుంది. ఆ ఏప్రిల్‌లో డెజ్ బ్రయంట్‌ను వదిలేసిన తర్వాత జట్టులో నిజమైన ఎక్స్ లేడు. మొదటి ఏడు ఆటల్లో మూడే గెలిచారు. అక్టోబర్‌లో మొదటి రౌండ్ పిక్ ఇచ్చి అమారీ కూపర్‌ను తెచ్చారు. ధర ఎక్కువైందని అప్పట్లో గట్టిగా విమర్శలు వచ్చాయి. ఓక్లాండ్‌లో ఆరు ఆటల్లో 280 యార్డులే చేసిన కూపర్ డాలస్‌లో తొమ్మిది ఆటల్లో 725 యార్డులు, ఆరు టచ్‌డౌన్‌లు చేశాడు. ఆ తొమ్మిదిలో జట్టు ఏడు గెలిచింది. లైన్ దగ్గర అడుగుల నేర్పుతో ఒంటరిగా విడిపించుకోగలవాడు ఆ జట్టుకు కచ్చితంగా కావలసిన మనిషి.

మాస్ విషయంలోనూ ఇదే. 2006 సీజన్ మొదట్లోనే డియాన్ బ్రాంచ్ సియాటిల్‌కు వెళ్లిపోయాక పేట్రియట్స్ రిసీవర్లలో అత్యధికంగా 760 యార్డులు చేసినవాడు రెచీ కాల్డ్‌వెల్. బయటివైపు, లోతుగా పరుగెత్తే స్థానం ఖాళీగా ఎదురుచూస్తోంది. 2011లో అలాంటి ఖాళీ లేదు. ఆ ఏడాది వెస్ వెల్కర్ 122, రాబ్ గ్రాంకౌస్కీ 90, ఆరన్ హెర్నాండెజ్ 79 క్యాచ్‌లు పట్టారు. వెల్కర్ స్లాట్, మిగిలిన ఇద్దరూ టైట్ ఎండ్‌లు. బ్రేడీ చూపు సహజంగా పడే మధ్యభాగమంతా వారిదే. బయట మిగిలిన కొద్దిపాటి వాటా కోసమే ఓచోసింకో పోటీపడాల్సి వచ్చింది.

క్వార్టర్‌బ్యాక్ గడియారాన్ని కొలవండి

ఒకే ఒక్క పరిశీలనకు సమయం ఉంటే దీనికే కేటాయించండి. రిసీవర్ ఇమడడం అంటే ప్రధానంగా రెండు గడియారాలు కలవడం: క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి వదిలే క్షణం ఒకటి, రిసీవర్ తన రూట్‌లో (ముందే నిర్ణయించిన పరుగు దారిలో) మలుపు తిరిగి బంతికి సిద్ధమయ్యే క్షణం ఇంకొకటి.

మీ క్వార్టర్‌బ్యాక్ ఆడిన ఒక ఆట తీసుకోండి. స్నాప్ దగ్గర స్టాప్‌వాచ్ నొక్కి, బంతి చేయి వదలగానే ఆపండి. ఇరవై పాస్‌లకు ఇలా చేయండి. పరుగు నటించి వేసే ప్లే యాక్షన్ పాస్‌లను, ఒత్తిడిలో పక్కకు పరుగెత్తుతూ వేసినవాటిని వేరుగా రాసుకోండి, లేకపోతే సగటు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎక్కువ పాస్‌లు రెండున్నర సెకన్ల లోపే వెళ్తుంటే అది స్లాంట్‌లు (ఏటవాలుగా లోపలికి), చిన్న అవుట్‌లు (సైడ్‌లైన్ వైపు), గుంపులోంచి అడ్డంగా పరుగెత్తే రూట్‌ల ఆఫెన్స్. మూడు సెకన్ల వైపు జరుగుతుంటే లోతైన క్రాసర్లకు (అడ్డంగా), పోస్ట్‌లకు (గోల్‌పోస్ట్ వైపు) చోటుంది, కానీ ఆఫెన్సివ్ లైన్ (ముందు నిలబడి అడ్డుకునే ఆటగాళ్లు) క్వార్టర్‌బ్యాక్‌ను అంతసేపు కాపాడాలి. లైన్ బలహీనమైన జట్టు లోతుగా పరుగెత్తే రిసీవర్‌ను కొంటే, అతను మలుపు తిరిగేసరికి క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉండవచ్చు.

తర్వాత కాగితం మీద మైదానాన్ని తొమ్మిది గడులుగా గీయండి: వెడల్పులో ఎడమ, మధ్య, కుడి; లోతులో పది యార్డుల లోపు, పది నుంచి ఇరవై, ఇరవై దాటి. మైదానం వెడల్పు 53 యార్డుల పైచిలుకు కాబట్టి ఒక్కో నిలువు పట్టీ పద్దెనిమిది యార్డులకు కాస్త తక్కువ. క్వార్టర్‌బ్యాక్ ప్రతి పాస్ పడిన గడిలో ఒక చుక్క పెట్టండి, పూర్తయితే నింపండి, కాకపోతే ఖాళీగా వదిలేయండి. రెండు మూడు ఆటలయ్యేసరికి ఆ చుక్కలే అతని స్వభావాన్ని చెబుతాయి. కొత్త రిసీవర్ పాత జట్టులో పట్టిన బంతులకూ ఇలాంటి పటం గీసి పక్కపక్కన పెట్టండి. చుక్కలు ఒకే గడుల్లో గుమిగూడితే మంచిదే. వేర్వేరు గడుల్లో ఉంటే వెంటనే నిరాశపడకండి. రిసీవర్ మిగతా గడుల్లో ఆడలేడా, లేక పాత జట్టు అక్కడికి పంపలేదా అన్నది తేల్చాలి.

2022లో రిసీవర్ టైరీక్ హిల్ కాన్సస్ సిటీ నుంచి మయామీకి వెళ్లినప్పుడు వినిపించిన ప్రధానమైన సందేహం, క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ చేయి ఉన్నచోట ఆడినవాడికి మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా చేయి చాలదని. చేతి బలం గురించిన ఆ పోలిక తప్పేమీ కాదు. అడగవలసిన ప్రశ్న మాత్రం అది కాదు. టువా బలం బంతిని త్వరగా, మైదానం మధ్యలో, రిసీవర్ చేరబోయే చోటికి ముందుగానే వేయడంలో ఉంది. కోచ్ మైక్ మెక్‌డానియల్ ఆఫెన్స్ హిల్‌ను స్నాప్‌కు ముందే కదిలిస్తూ, లైన్ దగ్గర పట్టుకునే వీలు లేకుండా చేసి, సేఫ్టీలు వెనక్కి జరిగిన ఖాళీలోకి పంపింది. హిల్ ఆ ఏడాది 1,710 యార్డులు, మరుసటి ఏడాది 1,799 యార్డులు చేశాడు. కాన్సస్ సిటీలో అతని అత్యధికం 1,479. తొమ్మిది గడుల పటం గీసినవారికి ఆ ఒప్పందంలో భయపడాల్సింది తక్కువగా కనిపించి ఉండేది.

ఫిల్మ్ చూసేటప్పుడు బంతిని చూడకండి

టీవీ ప్రసారంలో కెమెరా బంతి వెంట వెళ్తుంది కాబట్టి రిసీవర్ చేసే పనిలో ఎక్కువ భాగం తెర బయటే ఉంటుంది. ఇరవై రెండు మంది ఆటగాళ్లూ కనిపించేలా పైనుంచి తీసిన ఆల్-22 వీడియో దొరికితే అదే చూడండి. హైలైట్లు పూర్తిగా పక్కన పెట్టండి. మూడు ఆటలు ఎంచుకోండి: ఒకటి అతను బాగా ఆడినది, ఒకటి అణిగిపోయినది, ఒకటి బలమైన కార్నర్‌బ్యాక్‌లు ఉన్న జట్టుతో ఆడినది. అణిగిపోయిన ఆటే మీకు ఎక్కువ నేర్పుతుంది.

ప్రతి స్నాప్‌ను మూడుసార్లు చూడండి. మొదటిసారి రిసీవర్ మొదటి మూడు అడుగులు మాత్రమే: ఎదుటివాడి చేతులు పడకముందే తప్పించుకున్నాడా, తప్పించుకునే తొందరలో రూట్ దారి నుంచి పక్కకు జరిగిపోయాడా? రెండోసారి మలుపు: నడుము దించి రెండు మూడు అడుగుల్లో ఆగగలిగాడా, లేక ఐదారు అడుగులు పట్టిందా? మలుపుకు ముందు తలో, భుజాలో పక్కకు తిరిగితే కార్నర్‌బ్యాక్ ముందే పసిగడతాడు. మూడోసారి, బంతి అతనికి రానప్పుడు అతను ఏం చేశాడో చూడండి.

ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. థర్డ్ డౌన్ (నాలుగు ప్రయత్నాల్లో మూడోది), ఏడు యార్డులు కావాలి. రిసీవర్ పది యార్డులు నేరుగా పరుగెత్తాడు. అక్కడ అతనికి రెండు దారులున్నాయి. డిఫెన్స్ జోన్‌లో, అంటే ఒక్కొక్కరు ఒక్కో చోటును కాపు కాస్తూ, ఉంటే ఇద్దరు డిఫెండర్ల మధ్య ఖాళీలో ఆగి క్వార్టర్‌బ్యాక్ వైపు తిరగాలి. ఒక్కో రిసీవర్‌ను ఒక్కో డిఫెండర్ వెంబడించే మ్యాన్ కవరేజ్‌లో, కార్నర్‌బ్యాక్ లోపలివైపు నిలబడి ఉంటే సైడ్‌లైన్ వైపు తిరగాలి. ఈ నిర్ణయం పరుగెత్తుతూనే తీసుకోవాలి, క్వార్టర్‌బ్యాక్ కూడా అదే క్షణంలో అదే నిర్ణయానికి రావాలి, ఎందుకంటే రిసీవర్ తిరగకముందే బంతి గాలిలో ఉంటుంది. ఇద్దరూ వేర్వేరుగా చదివితే బంతి ఎవరూ లేని గడ్డి మీద పడుతుంది. ప్రసారం చూసేవారు క్వార్టర్‌బ్యాక్ గురి తప్పాడనుకుంటారు. మీరు చూసే ఫిల్మ్‌లో ఇలా ఖాళీ గడ్డి మీద పడిన బంతులను లెక్కపెట్టండి. ఆ పాస్ తర్వాత క్వార్టర్‌బ్యాక్ చేయి ఎటు చూపిస్తున్నదో గమనిస్తే, రిసీవర్ ఎటు తిరగాల్సి ఉందో తరచు తెలిసిపోతుంది.

పేట్రియట్స్ ఆఫెన్స్ ఇలాంటి ఎంపికల మీదే నడిచేది. ఓచోసింకో గొప్పతనమంతా కార్నర్‌బ్యాక్‌ను తన అడుగులతో బోల్తా కొట్టించడంలో, అప్పటికప్పుడు కొత్తగా ఏదో సృష్టించడంలో ఉండేది; సిన్సినాటిలో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ పామర్ ఎన్నో ఏళ్ల సాంగత్యంతో దానికి అలవాటుపడ్డాడు. బ్రేడీకి కావలసింది మాత్రం అనుకున్న గజంలో, అనుకున్న క్షణంలో ఉండే మనిషి. పైగా 2011లో లాకౌట్ (యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య ఒప్పంద వివాదంతో వచ్చిన మూసివేత) వల్ల శిక్షణా శిబిరాలకు ముందు నెలల్లో జరగాల్సిన ఆఫ్‌సీజన్ సాధన జరగలేదు. 33 ఏళ్ల వయసులో కొత్త భాష నేర్చుకోవాల్సినవాడికి ఆ నెలలే దొరకలేదు. మాస్ దగ్గర బ్రేడీ కోరిన ఎంపికలు చాలావరకు సరళమైనవి: కార్నర్‌బ్యాక్ వెనకబడ్డాడా, సేఫ్టీ సాయానికి వస్తున్నాడా అని చదివి, మిగిలింది తన పొడవుకు, వేగానికి వదిలేయడం. కాబట్టి కొత్త రిసీవర్ వచ్చే ఆఫెన్స్‌లో ఇలా పరుగెత్తుతూ దారి ఎంచుకునే ఆప్షన్ రూట్‌లు ఎక్కువైతే, అతని పాత కోచ్‌లు అలాంటివి అతనికి అప్పగించేవారా అన్నది తప్పక కనుక్కోండి.

కాలేజీ నుంచి వచ్చేవారి ఫిల్మ్ చూసేటప్పుడు రెండు తేడాలు మనసులో పెట్టుకోండి. కాలేజీలో ఒక పాదం లోపల పడితే క్యాచ్ చెల్లుతుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు పాదాలు పడాలి. కాలేజీ మైదానంలో హాష్ గుర్తులు (ఆట ఎక్కడినుంచి మొదలవ్వాలో నిర్ణయించే గీతలు) ఎడంగా ఉండడం వల్ల ఒక వైపు చాలా ఖాళీ దొరుకుతుంది; ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ ఖాళీ కుదించుకుపోతుంది.

అంకెలను పాత జట్టు నుంచి విడదీయండి

మొత్తం యార్డుల కంటే, రిసీవర్ పరుగెత్తిన ఒక్కో రూట్‌కు ఎన్ని యార్డులు వచ్చాయన్నది మెరుగైన కొలత. ఒక ఆటలో 30 రూట్‌లు పరుగెత్తి 60 యార్డులు చేస్తే అది రెండు. సీజన్ పొడవునా రెండు దాటినవాడిని మంచి రిసీవర్‌గా లెక్కించవచ్చు. పాస్‌లు తక్కువగా వేసే జట్టులో ఉన్నవాడిని ఈ కొలత అన్యాయం నుంచి కాపాడుతుంది. దానితోపాటు టార్గెట్ సగటు లోతు, క్యాచ్ తర్వాత యార్డులు చూడండి.

ఒక్క సీజన్ అంకెలను మాత్రం నమ్మకండి. స్టెఫాన్ డిగ్స్ 2019లో మినసోటాలో 63 క్యాచ్‌లకు 1,130 యార్డులు చేశాడు, అంటే క్యాచ్‌కు దాదాపు 18. ఆ ఒక్క వరుస చూసినవారికి అతను లోతు రిసీవర్ అనే అనిపిస్తుంది. అంతకుముందు ఏడాది అదే జట్టులో అతనివి 102 క్యాచ్‌లు, 1,021 యార్డులు, క్యాచ్‌కు పది. ఈ రెండు వరుసలనూ కలిపి చదివితే, కోచ్ ఎటు పంపితే అటు వెళ్లి పని చేయగలవాడని అర్థమవుతుంది. 2020లో బఫెలో అతన్ని అన్ని లోతుల్లోనూ వాడింది: 127 క్యాచ్‌లు, 1,535 యార్డులు, రెండింటిలోనూ లీగ్‌లో ప్రథమస్థానం. బఫెలో క్వార్టర్‌బ్యాక్ జాష్ ఆలెన్ పాస్‌లు పూర్తయిన శాతం 58.8 నుంచి 69.2కు చేరింది, ఆ పెరుగుదలంతా డిగ్స్ పుణ్యమే అనడం అతిశయమవుతుంది గానీ, సమయానికి సరైన చోట నిలబడే మనిషి దొరకడం ఆలెన్‌కు ఎంత మేలు చేసిందో ఆ సీజన్ ఫిల్మ్‌లో కళ్లకు కడుతుంది.

నలభై గజాల పరుగు సమయానికి అభిమానులు ఇచ్చేంత విలువ ఇవ్వకండి. 2021లో 145 క్యాచ్‌లు, 1,947 యార్డులు, 16 టచ్‌డౌన్‌లతో మూడింటిలోనూ లీగ్‌కు ముందు నిలిచిన కూపర్ కప్ కంబైన్‌లో, అంటే డ్రాఫ్ట్‌కు ముందటి పరీక్షల్లో, 4.62 సెకన్లలో పరుగెత్తినవాడు. 4.33లో పరుగెత్తిన డి.కె. మెట్‌కాఫ్ మలుపుల పరీక్షలో వెనకబడ్డాడు. అయినా లోతైన బంతిని ఎత్తుగా అందంగా వేసే క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ దగ్గరికి వెళ్లడంతో మలుపులు తక్కువ, నేరు పరుగు ఎక్కువ ఉన్న పనిలో రాణించాడు. ఇద్దరినీ జట్లు మార్చి ఊహించుకోండి, అప్పుడు ఆ సమయాల అర్థం తెలుస్తుంది.

బంతి లేనప్పుడు

మీ జట్టు కోచ్, కైల్ షానహన్, షాన్ మెక్‌వే అనే కోచ్‌ల బాట పట్టినవాడైతే ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకోకండి. వారి ఆఫెన్స్‌లో రిసీవర్లు ఆఫెన్సివ్ లైన్‌కు దగ్గరగా జరిగి నిలబడతారు, పరుగు ఆటలో సేఫ్టీలను, కొన్నిసార్లు లైన్‌బ్యాకర్లను అడ్డుకుంటారు. అక్కడినుంచే ప్లే యాక్షన్ పుడుతుంది కాబట్టి, అడ్డుకోవడానికి ఇష్టపడని రిసీవర్ మైదానంలో ఉంటే ఆ నటనను డిఫెన్స్ నమ్మదు. 2023 డ్రాఫ్ట్‌లో 177వ పిక్‌గా వచ్చిన పూకా నకువా తొలి సీజన్‌లోనే 105 క్యాచ్‌లు, 1,486 యార్డులతో కొత్త ఆటగాళ్ల రికార్డులు నెలకొల్పాడు. అతని జట్టు రామ్స్ అతన్ని మొదటి వారం నుంచే మైదానంలో ఉంచగలగడానికి అతని మొరటు అడ్డుకోత ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. మీరు చూసే ఫిల్మ్‌లో ఒక పది పరుగు ఆటలను ఎంచుకుని, రిసీవర్ విజిల్ మోగేదాకా ఎదుటివాడిని వదలకుండా ఉన్నాడా లేదా అన్నది రాసుకోండి.

జీతం, కాంట్రాక్టు కాలం, ఇచ్చిన పిక్‌లు కూడా చూడాలి, కానీ చివరగా. పెద్ద మొత్తం ఇచ్చిన జట్టు బంతి అతనికి చేర్చే ప్రయత్నం గట్టిగా చేస్తుంది. ఒక్క ఏడాది ఒప్పందమైతే నేర్చుకునే గడువు అతనికి తక్కువ.

తీర్పు రాసుకోండి, నాలుగో వారం దాటాక సరిచూడండి

ఇప్పుడు రెండు మూడు వాక్యాల్లో మీ అంచనా రాయండి: ఏ స్థానంలో నిలబడతాడు, ఏ గడుల్లో బంతి అందుకుంటాడు, ఎన్ని టార్గెట్లు రావచ్చు, ఏది అతన్ని ఆపవచ్చు. సీజన్ మొదలయ్యాక యార్డులు చూసి కంగారుపడకుండా నాలుగు ఆటలు ఆగండి. అప్పుడు చూడవలసినవి వేరు. జట్టు పాస్ వేసిన స్నాప్‌లలో అతను ఎన్నింటికి మైదానంలో ఉన్నాడు? మీరు ఊహించిన స్థానంలోనే నిలబెడుతున్నారా? థర్డ్ డౌన్‌లో, ఆట ముగింపు నిమిషాల్లో క్వార్టర్‌బ్యాక్ అతనివైపు చూస్తున్నాడా? ఖాళీ గడ్డి మీద పడే బంతులు మొదటి వారం కంటే నాలుగో వారానికి తగ్గుతున్నాయా?

యార్డులు తక్కువున్నా ఈ నాలుగూ సరైన దిశలో ఉంటే మీ అంచనాను మార్చకండి. యార్డులు బాగున్నా అవి ఒకటి రెండు పొడవైన క్యాచ్‌ల నుంచే వచ్చి, థర్డ్ డౌన్‌లో అతన్ని పక్కన కూర్చోబెడుతుంటే, కోచ్‌లకు అతని మీద ఇంకా నమ్మకం కుదరలేదని గ్రహించి, మీ కాగితం మీది టార్గెట్ల సంఖ్యను తగ్గించి రాసుకోండి. ఎనిమిదో వారంలో మళ్లీ ఇదే నాలుగు ప్రశ్నలతో చూడండి. జట్లు ఆటగాళ్లను మార్చుకునే ట్రేడ్ గడువు దాదాపు అప్పుడే దగ్గరపడుతుంది కాబట్టి, జట్టు ఆ స్థానానికి ఇంకొకరిని వెతుకుతోందా అన్నది కూడా అప్పటికి తేలుతుంది.